ఆన్సిబుల్‌తో పాత బ్యాకప్‌లు భద్రంగా డిలీట్ చేయడం ఎలా?

బ్యాకప్ సర్వర్‌లో డిస్క్ 95 శాతం నిండిందని అలర్ట్ రాగానే చాలామంది చేసే పని ఒకటే. టెర్మినల్ తెరిచి, పాత ఫైళ్లు వెతికి, ఆర్ఎం (ఫైళ్లు డిలీట్ చేసే కమాండ్) కొట్టేయడం. ఆ పూటకు గండం గడుస్తుంది. వచ్చే నెల మళ్లీ అదే అలర్ట్, మళ్లీ అదే హడావుడి. రెండుమూడు సార్లు అయ్యాక విసుగొచ్చి ఎవరో ఒకరు దాన్ని "30 రోజులు దాటినవన్నీ తీసెయ్" అని స్క్రిప్ట్‌గా రాసి క్రాన్‌లో (చెప్పిన సమయానికి పనులు తానే నడిపే ఏర్పాటు) పెట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఎందుకో చూడండి. బ్యాకప్ తీసే జాబ్ ఏదో కారణంతో ఆగిపోయిందనుకుందాం. పాస్‌వర్డ్ మారి ఉండొచ్చు, డేటాబేస్ వెర్షన్ మారి ఉండొచ్చు. కొత్త ఫైళ్లు రావడం ఆగింది. డిలీట్ చేసే జాబ్ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఉన్నవాటికి రోజుకొకటి చొప్పున 30 రోజులు నిండుతాయి, రోజుకొకటి చొప్పున పోతాయి. నెల తిరిగేసరికి ఫోల్డర్ ఖాళీ. ఎక్కడా ఒక్క ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే స్క్రిప్ట్ చెప్పింది చెప్పినట్టే చేసింది.

అందుకే "ఏవి తీసెయ్యాలి" అన్న దగ్గర మొదలుపెట్టకండి. "ఏవి మిగలాలి" అన్నది ముందు తేల్చి, అవి నిజంగా ఉన్నాయని రూఢి చేసుకున్నాకే డిలీట్ దాకా వెళ్లేలా ప్లేబుక్ (ఆన్సిబుల్ చేయాల్సిన టాస్కుల వరస ఉండే ఫైలు) రాయాలి. కింద చెప్పేదంతా అందుకోసమే. ఒకేసారి చాలా సర్వర్ల మీద పనులు నడిపే ఈ ఆన్సిబుల్ టూల్ గురించి మీకు ఓ మోస్తరుగా తెలుసనుకుని చెబుతున్నాను. మాడ్యూళ్ల (ఒక్కో రకం పని చేసే రెడీమేడ్ ముక్కల) పేర్లు, ఆప్షన్లు ఇక్కడ పలికినట్టు రాశాను, మీ ఫైల్లో మామూలుగా ఇంగ్లిష్‌లోనే టైప్ చేసుకోండి.

1. ఏవి ఉంచాలో ముందు రాసుకోండి

ఇది టెక్నికల్ పని కాదు, అయినా దీన్ని దాటేస్తే తర్వాతి మెట్లన్నీ దండగ. రోజువారీవి 7, వారానివి 4, నెలవారీవి 12 అనేది చాలాచోట్ల సరిపోయే లెక్క. మీ డేటాకు సరిపోతుందో లేదో ఆ డేటా ఎవరిదో వాళ్లనే అడగండి. అకౌంట్స్ వాళ్లు ఒకటి చెబుతారు, డెవలపర్లు ఇంకొకటి చెబుతారు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో కంపెనీల ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాల పాటు ఉంచాలని 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. జీఎస్టీ లెక్కలైతే వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. సర్వర్ లాగ్‌లను 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. అంటే లాగ్‌ల ఫోల్డర్‌కూ డేటాబేస్ ఫోల్డర్‌కూ ఒకే 30 రోజుల రూలు పెట్టేస్తే, మీకు తెలియకుండానే చట్టాన్ని దాటేసే అవకాశం ఉంది. ఇంకోవైపు, అవసరం తీరిన వ్యక్తిగత డేటాను తీసేయమని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. కాబట్టి "ఎందుకొచ్చిన గొడవ, అన్నీ ఉంచేద్దాం" అనేదీ జవాబు కాదు. ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో గడువు రాసి, పై అధికారి చేత మెయిల్‌లో సరే అనిపించుకోండి. ఆ మెయిల్ దాచుకోండి.

2. అది ఏ రకం బ్యాకప్?

ఒక్కో ఫైలు దానంతట అదే పూర్తి బ్యాకప్ అయితే, అంటే రోజూ తీసే మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా రాసింది), ఒక టార్ ఫైలు లాంటివైతే, ఈ గైడ్‌లో చెప్పినట్టు ఫైళ్లుగా తీసెయ్యొచ్చు.

ఇంక్రిమెంటల్ అయితే మాత్రం ఫైళ్ల జోలికి పోకండి. ఆదివారం ఫుల్ తీసి, మిగతా రోజుల్లో మార్పులే తీసే పద్ధతిలో, 30 రోజులు దాటిందని ఆదివారం ఫైలు తీసేస్తే దాని మీద ఆధారపడ్డ సోమ, మంగళ, బుధవారాల ఫైళ్లు ఉన్నా లేనట్టే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వాల్ ఫైళ్లదీ (మార్పులు వరసగా రాసుకునే ఫైళ్లు) ఇదే కథ. బేస్ బ్యాకప్‌కు అవసరమైన ఒక్క వాల్ ఫైలు మధ్యలో లేకపోయినా ఆ బేస్ పనికిరాదు. బోర్గ్, రెస్టిక్ లాంటి బ్యాకప్ టూల్స్ డేటాను ముక్కలు చేసి దాస్తాయి. ఒకే ముక్కను పది బ్యాకప్‌లు వాడుకుంటుంటాయి. ఆ రిపాజిటరీలోకి వెళ్లి పాతగా కనిపించిన ఫైలు తీశారంటే నిన్నటి బ్యాకప్ కూడా పాడవుతుంది.

వీటికి వాటి సొంత కమాండ్లే వాడాలి. బోర్గ్‌కు ప్రూన్, రెస్టిక్‌కు ఫర్గెట్, పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ టూల్ పీజీబ్యాక్‌రెస్ట్‌కు ఎక్స్‌పైర్. ఆన్సిబుల్ ఆ కమాండ్‌ను సమయానికి నడిపితే చాలు. బోర్గ్, రెస్టిక్ రెండింటిలోనూ డ్రై రన్ (ఏమీ తీయకుండా, ఏం తీసేదో చూపించడం) ఉంది, ముందు అది నడిపి చూడండి. ఒక విషయం గుర్తుంచుకోండి: రెస్టిక్‌లో ఫర్గెట్ కొట్టినంత మాత్రాన చోటు రాదు, ప్రూన్ కూడా నడవాలి. బోర్గ్‌లో 1.2 వెర్షన్ నుంచి ప్రూన్ తర్వాత కాంపాక్ట్ నడపాలి. ఇది తెలియక "ఎంత డిలీట్ చేసినా చోటు రావట్లేదు" అని ఇంకా ఇంకా తీసేసుకునేవాళ్లున్నారు.

3. మిగిలే బ్యాకప్ పని చేస్తుందా?

పాతది తీసే ముందు కొత్తదాన్ని ఒకసారి రీస్టోర్ చేసి చూడండి. వేరే మెషీన్ మీద, ఖాళీ డేటాబేస్‌లోకి. నాలుగు ముఖ్యమైన టేబుళ్లలో వరసలు లెక్కపెట్టండి, చివరి ఎంట్రీ తేదీ చూడండి.

ఫైలు ఉంది కదా అని నమ్మడానికి లేదు. మైఎస్‌క్యూఎల్ డంప్‌ను పైప్‌లో జీజిప్‌కు (ఫైలు సైజు కుదించే టూల్) పంపే స్క్రిప్టులు మన దగ్గర కోకొల్లలు. అందులో డంప్ ఫెయిలైనా జీజిప్ తన పని తాను చేసి ఓ ఫైలు పెట్టేస్తుంది. పేరు సరిగ్గానే ఉంటుంది, తేదీ సరిగ్గానే ఉంటుంది. సైజు చూస్తే 20 బైట్లు. ఖాళీ ఇన్‌పుట్‌ను జీజిప్ చేస్తే వచ్చేది అంతే. ఫోల్డర్‌లో పేర్లు మాత్రమే చూసుకుంటూ పోయేవాళ్లకు ఇది నెలల తరబడి కనపడదు. పూర్తయిన మైఎస్‌క్యూఎల్ డంప్ చివరి వరసలో మామూలుగా "డంప్ కంప్లీటెడ్" అనే మాట ఉంటుంది. దాన్ని వెతికే టాస్క్ ఒకటి ప్లేబుక్‌లో పెడితే పైసా ఖర్చు లేకుండా సగం టెన్షన్ తీరుతుంది. అలాగని అది రీస్టోర్‌కు బదులు కాదు.

4. ఏ సర్వర్ మీద, ఏ యూజర్‌తో

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్ సేవ) జరిగింది సర్వర్లు చూసుకునే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వర్ మీద ఉన్నాననుకుని డేటా డైరెక్టరీ డిలీట్ చేశారు. నిజానికి ఉన్నది మెయిన్ సర్వర్ మీద. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌ల కోసం చూస్తే, రోజూ నడవాల్సిన పోస్ట్‌గ్రెస్ డంప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటి నుంచో ఫెయిలవుతోంది. చివరికి, ఆరు గంటల ముందు వేరే పని కోసం ఎవరో తీసుకున్న ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఎలా ఉందో చూపే కాపీ) వాళ్లను గట్టెక్కించింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. గిట్‌ల్యాబ్ వాళ్లు దీన్ని దాచకుండా మొత్తం బయటపెట్టారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఆన్సిబుల్‌లో ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే ఒక్క కమాండ్ వంద సర్వర్ల మీద నడుస్తుంది. అందుకని డిలీట్ ప్లేబుక్‌లో హోస్ట్స్ దగ్గర ఎప్పుడూ ఆల్ అని రాయకండి. బ్యాకప్ సర్వర్లకు విడిగా గ్రూప్ పెట్టి దాని పేరే రాయండి. వీలైతే ఈ ప్లేబుక్‌కు ఇన్వెంటరీ ఫైలే (సర్వర్ల పేర్ల జాబితా) వేరుగా పెట్టండి. ప్రొడక్షన్ సర్వర్ల పేర్లు అందులో లేనేలేకపోతే, లిమిట్ (ఏ సర్వర్లకే పరిమితమో చెప్పే ఆప్షన్) ఇవ్వడం మరిచిపోయినా ప్రొడక్షన్‌కు దెబ్బ తగలదు. నడిపే ముందు లిస్ట్-హోస్ట్స్ ఆప్షన్‌తో ఒకసారి పిలవండి. ఏ టాస్కూ నడపకుండా, ఏయే మెషీన్లను తాకబోతోందో పేర్లు మాత్రమే చూపిస్తుంది. సీరియల్ 1 అని పెడితే ఒక సర్వర్ అయ్యాకే రెండోది మొదలవుతుంది. ఎనీ ఎర్రర్స్ ఫేటల్ ఆన్ చేస్తే ఎక్కడ తేడా కొట్టినా మొత్తం ఆగిపోతుంది.

రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) నడపకండి. అలా వేరే యూజర్‌గా మారే బికమ్ ఆప్షన్ తీసేయండి. బ్యాకప్ ఫోల్డర్ మీద మాత్రమే రైట్ పర్మిషన్ ఉన్న యూజర్ ఒకరిని క్రియేట్ చేసి, ఆన్సిబుల్‌ను ఆ యూజర్‌తోనే పంపండి. పాత్ ఎంత తప్పుగా వచ్చినా ఆ యూజర్ చేయగలిగే నష్టం ఆ ఫోల్డర్‌తోనే ఆగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫైలుకు రీడ్-ఓన్లీ పర్మిషన్ పెడితే డిలీట్ కాదనుకుంటారు. లినక్స్‌లో ఫైలు డిలీట్ చేయాలంటే చూసేది ఆ ఫైలు పర్మిషన్ కాదు, అది ఉన్న డైరెక్టరీ పర్మిషన్. ఏడాదివి, నెలవి లాంటి ముఖ్యమైన ఫైళ్లను నిజంగా కాపాడాలంటే ఛ్యాట్ర్ కమాండ్‌తో ఇమ్యూటబుల్ గుర్తు పెట్టండి. దాన్ని తీసేదాకా రూట్ కూడా డిలీట్ చేయలేదు.

5. పాత్ ఖాళీగా వస్తే ఏమవుతుంది?

2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్ స్టోరేజ్‌లో 77 టెరాబైట్ల డేటా పోయింది. 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 14 పరిశోధన బృందాలవి. అందులో 4 బృందాల డేటా బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. కారణం హ్యాకర్లు కాదు, డిస్క్ ఫెయిలవడం కాదు. 10 రోజులు దాటిన లాగ్ ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో తీసేసే ఒక షెల్ స్క్రిప్ట్. స్టోరేజ్ సప్లై చేసిన హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ వాళ్లు ఆ స్క్రిప్ట్‌ను సవరించి, పాతది ఇంకా నడుస్తుండగానే దాని మీద కొత్తది కాపీ చేశారు. బ్యాష్ స్క్రిప్ట్‌ను కొంచెం కొంచెంగా చదువుకుంటూ నడుపుతుంది. దాంతో సగం నుంచి కొత్త ఫైలు చదివింది, అందులో వాడిన వేరియబుల్‌కు విలువ లేదు, లాగ్ ఫోల్డర్ బదులు అసలు డేటా ఫోల్డర్ మీద డిలీట్ నడిచింది. తప్పు తమదేనని కంపెనీ ఒప్పుకుంది.

మనకు ఇందులో రెండు పాఠాలున్నాయి. నడుస్తున్న స్క్రిప్ట్ మీద కాపీ చేయకూడదు, పక్కన వేరే పేరుతో పెట్టి తర్వాత ఎంవీతో పేరు మార్చాలి. రెండోది, ఖాళీ వేరియబుల్‌ను డిలీట్ దాకా రానివ్వకూడదు.

ఆన్సిబుల్‌లో అసలు డిఫైన్ చేయని వేరియబుల్ వాడితే అదే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అది మంచిదే. ప్రమాదం ఎక్కడంటే, ఎర్రర్ విసుగనిపించి ఎవరో డిఫాల్ట్ ఫిల్టర్‌లో (విలువ లేనప్పుడు బదులు వాడేది) ఖాళీ స్ట్రింగ్ పెట్టేసినప్పుడు. అప్పుడు బ్యాకప్ ఫోల్డర్ వేరియబుల్ పక్కన స్లాష్, ఫోల్డర్ పేరు అని రాసింది కాస్తా, సర్వర్‌లో అన్నిటికంటే పై డైరెక్టరీ నుంచి మొదలయ్యే పాత్ అయిపోతుంది. డిలీట్ ప్లేబుక్‌లో పాత్‌లకు డిఫాల్ట్ ఫిల్టర్ వాడొద్దు. మొదటి టాస్క్‌గా ఒక అసర్ట్ (షరతు నిజం కాకపోతే ఆపేసే టాస్క్) పెట్టండి. వేరియబుల్ ఖాళీగా లేదు, అది /బ్యాకప్/ అనే దానితోనే మొదలవుతోంది, అందులో రెండు చుక్కలు (పై ఫోల్డర్‌కు వెళ్లే గుర్తు) లేవు, ఈ మూడూ నిజమైతేనే ముందుకు.

దీనికి తోడు ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. బ్యాకప్ డిస్క్ లోపల ఒక గుర్తు ఫైలు పెట్టండి, పేరు మీ ఇష్టం. ప్లేబుక్ మొదట్లో స్టాట్ మాడ్యూల్‌తో అది ఉందో లేదో చూసి, లేకపోతే ఆగేలా అసర్ట్ పెట్టండి. సర్వర్ రీబూట్ అయ్యి డిస్క్ మౌంట్ కాకపోతే (ఆ ఫోల్డర్‌కు జతపడకపోతే) /బ్యాకప్/ ఫోల్డర్ ఉంటుంది కానీ లోపల ఏమీ ఉండదు. గుర్తు ఫైలు లేదు కాబట్టి ప్లేబుక్ అక్కడే ఆగుతుంది, డిస్క్ మౌంట్ కాలేదన్న సంగతీ మీకు తెలుస్తుంది. ఫైండ్ మాడ్యూల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇది తెలియదు. పాత్ లేకపోయినా అది ఫెయిల్ కాదు, సున్నా ఫైళ్లు దొరికాయని చెప్పి ఊరుకుంటుంది.

6. వెతకడం

ఇక అసలు పని. వెతకడానికి ఫైండ్ మాడ్యూల్. షెల్ మాడ్యూల్‌లో ఫైండ్ కమాండ్ రాసి, చివర డిలీట్ తగిలించకండి. వెతకడం వేరు టాస్క్‌గా, తీయడం వేరు టాస్క్‌గా ఉంటేనే మధ్యలో మీరు అడ్డుకోగలరు.

ఏజ్ ఆప్షన్ దగ్గర కళ్లు పెద్దవి చేసుకుని చూడండి. 30 రోజులు కావాలంటే 30 పక్కన ఇంగ్లిష్ డి అక్షరం ఉండాలి. ఒట్టి 30 అని రాస్తే ఆన్సిబుల్ దాన్ని 30 సెకన్లుగా తీసుకుంటుంది. అర నిమిషం దాటిన ప్రతి బ్యాకప్పూ "పాతదే" అయిపోతుంది. ఇంకో వల ఎం అక్షరం. 1 పక్కన ఎం అంటే నెల అనుకుంటాం, కానీ అది నిమిషం. నెలకు అక్షరం లేనే లేదు. సెకన్లు, నిమిషాలు, గంటలు, రోజులు, వారాలు, ఇంతే. కోడ్ రివ్యూలో ఈ ఒక్క అక్షరాన్ని వేలు పెట్టి చూడాలి.

ప్యాటర్న్స్ ఎప్పుడూ ఇవ్వండి. ఇవ్వకపోతే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ పట్టుకుంటుంది. సైట్ పేరుతో మొదలై డంప్ ఎక్స్‌టెన్షన్‌తో ముగిసేవి మాత్రమే రావాలి. రికర్స్ అడగకుండానే ఆఫ్‌లో ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. ఫైల్ టైప్ కూడా మామూలుగా ఫైల్ అనే ఉంటుంది, దాన్నీ మార్చకండి. ఎందుకంటే తర్వాత వాడబోయే ఫైల్ మాడ్యూల్‌కు డైరెక్టరీ ఇచ్చి స్టేట్ ఆబ్సెంట్ అంటే, లోపలున్నదంతా కలిపి తీసేస్తుంది, ఒక్క మాటైనా అడగదు.

సైజ్ ఆప్షన్ కూడా వాడండి. మీ డంప్ మామూలుగా 400 ఎంబీ ఉంటుందనుకుంటే కనీసం 100 ఎంబీ అని పెట్టండి. ఆ 20 బైట్ల ఉత్తుత్తి ఫైళ్లు "మంచి బ్యాకప్"ల లెక్కలోకి రాకుండా పోతాయి. లేకపోతే అలాంటివి ఏడు పోగై, ఇవే మీ ఏడు బ్యాకప్‌లు అని లెక్క చూపించి, అసలైన వాటిని తీసేయిస్తాయి.

7. రెండు జాబితాలు, రెండిటిలోనూ ఉన్నవే పక్కకు

ఒక్క వయసు మీద ఆధారపడొద్దని మొదట్లో అన్నాను. దానికి మార్గం ఇది.

మొదటి ఫైండ్‌లో ఏజ్ పెట్టకుండా మంచి బ్యాకప్‌లన్నీ తెచ్చుకోండి. పేరులో తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటే, పాత్‌ను బట్టి సార్ట్ చేసి తిరగేస్తే కొత్తది ముందు, పాతది వెనక వస్తాయి. ఆ జాబితాలో మొదటి ఏడింటిని వదిలేసి మిగతావి తీసుకోండి. జింజాలో (ఆన్సిబుల్ వాడే టెంప్లేట్ భాష) చదరపు బ్రాకెట్లలో 7, పక్కన కోలన్ పెడితే సరిపోతుంది. ఇది మొదటి జాబితా: ఏడు కొత్తవి కాక మిగిలినవి.

రెండో ఫైండ్‌లో అవే ప్యాటర్న్స్, అదే సైజ్, దాంతో పాటు 30 రోజుల ఏజ్. ఇది రెండో జాబితా.

ఇంటర్‌సెక్ట్ ఫిల్టర్‌తో రెండిటినీ కలిపితే, రెండిటిలోనూ ఉన్న ఫైళ్లు మాత్రమే మిగులుతాయి. తీసేయదగ్గవి అవే. ఇప్పుడు బ్యాకప్ జాబ్ ఏడాది పాటు ఆగిపోయినా చివరి ఏడు మంచి బ్యాకప్‌లు కదలవు. ఫైళ్లు కొత్త డిస్క్‌కు కాపీ చేసినప్పుడు తేదీలు మారిపోయినా పెద్ద నష్టం లేదు, కాసిన్ని ఎక్కువ రోజులు ఉంటాయంతే.

ఒకే ఫోల్డర్‌లో నాలుగైదు సైట్ల డంప్‌లు ఉంటే ఈ లెక్క సైట్‌కు సైట్ విడిగా చేయాలి. అన్నీ కలిపి ఏడు అంటే, ఆ ఏడూ పేరు వరసలో చివరన ఉండే ఒకే సైట్‌వి కావొచ్చు. మిగతా సైట్‌లకు ఒక్కటీ మిగలదు. టాస్క్‌లను ఒక ఫైల్లో పెట్టి, ఇంక్లూడ్ టాస్క్స్‌తో సైట్ల జాబితా మీద లూప్ తిప్పండి.

8. తీసే ముందు నాలుగు ప్రశ్నలు

ఇక్కడ ఇంకో అసర్ట్. గత 26 గంటల్లో కనీసం ఒక మంచి బ్యాకప్ వచ్చిందా? (ఏజ్‌కు మైనస్ గుర్తు పెడితే అంతకంటే కొత్తవి వస్తాయి.) మొత్తం మంచివాటిలోంచి తీసేవి పోతే ఇంకా ఏడు ఉంటాయా? తీసేవాటి సంఖ్య పరిమితి లోపలే ఉందా? చివరి డంప్‌లో పూర్తయినట్టు ఆ వరస ఉందా? ఒక్కదానికి కాదన్నా ఆగిపోవాలి.

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. రోజూ నడిచే ప్లేబుక్‌కు సైట్‌కొకటి తీసే పనే ఉంటుంది. పరిమితి 3 అని పెట్టండి. ఒకరోజు 40 తీస్తానందంటే ఎక్కడో ఏదో మారింది: ఏజ్‌లో డి ఎగిరిపోయింది, సర్వర్ టైమ్ తప్పింది, ప్యాటర్న్ ఎవరో మార్చారు. ఏదైనా మనిషి చూడాల్సిందే. మొదటిసారి నిజంగానే ఎక్కువ తీయాల్సి వస్తే ఆ ఒక్కసారికి పరిమితిని ఎక్స్‌ట్రా వేరియబుల్‌గా కమాండ్ లైన్‌లో ఇవ్వండి, ఫైల్లో మార్చకండి. ఫైల్లో మారిస్తే అదే ఉండిపోతుంది.

ఈ అసర్ట్ టాస్కులకు ఇగ్నోర్ ఎర్రర్స్ పెట్టారంటే ఇంతసేపు చేసిందంతా వృథా.

9. చెక్ మోడ్

చెక్ ఆప్షన్‌తో నడిపితే ఆన్సిబుల్ ఏమీ మార్చకుండా, ఏం చేసేదో చెబుతుంది. ఫైండ్ మాడ్యూల్ చదవడమే తప్ప రాసేది లేదు కాబట్టి చెక్ మోడ్‌లో కూడా నిజంగానే వెతుకుతుంది. అసర్ట్‌లూ నిజంగానే పరీక్షిస్తాయి. కానీ కమాండ్, షెల్ మాడ్యూళ్లు మామూలుగా స్కిప్ అవుతాయి. వాటి ఫలితం మీద ఆధారపడ్డ తర్వాతి టాస్క్‌లు అక్కడ తడబడతాయి. డంప్ చివరి వరస చదివే టాస్క్ లాంటి వాటికి, అవి చదివేవే గనుక, చెక్ మోడ్ ఫాల్స్ అని పెట్టండి, అప్పుడు చెక్‌లోనూ నడుస్తాయి. ఏదైనా మార్చే టాస్క్‌కు మాత్రం పొరపాటున కూడా అది పెట్టకూడదు.

తీసేవాటి జాబితాను డీబగ్ మాడ్యూల్‌తో ప్రింట్ చేయించి, పైనుంచి కింద దాకా చదవండి. స్క్రోల్ చేసి "బాగానే ఉంది" అనుకోవడం కాదు. మొదటి పేరు, చివరి పేరు, మొత్తం ఎన్ని, ఈ మూడూ రాసుకోండి. మొదటి వారం ఈ చెక్ మోడ్‌ను మాత్రమే రోజూ నడపమని నా సలహా. రోజూ జాబితా మీరు ఊహించినట్టే వస్తే అప్పుడు అసలుది.

10. ముందు పక్కకు, తర్వాత డిలీట్

ఇంత చేశాక కూడా నేరుగా డిలీట్ చేయకండి. అదే డిస్క్ మీద "పారేసేవి" అని ఒక ఫోల్డర్ పెట్టి అందులోకి ఎంవీ చేయండి. ఒకే ఫైల్‌సిస్టమ్ అయితే పేరు మారడమే కాబట్టి 100 జీబీ ఫైలైనా క్షణంలో అయిపోతుంది. వేరే డిస్క్ అయితే కాపీ, తర్వాత డిలీట్ అవుతుంది, దానికి గంటలు పడుతుంది, మధ్యలో తెగితే తలనొప్పి. కమాండ్ మాడ్యూల్‌లో ఆర్గ్‌వీ పద్ధతిలో (కమాండ్‌లోని మాటలను జాబితాగా విడివిడిగా ఇవ్వడం) రాస్తే పేరులో స్పేస్ ఉన్నా ముక్కలు కాదు.

ఏడు రోజులయ్యాక "పారేసేవి" ఫోల్డర్‌లోంచి ఫైల్ మాడ్యూల్, స్టేట్ ఆబ్సెంట్. ఇక్కడ ఏడు రోజులు ఎప్పటి నుంచి లెక్క అనే చిక్కు వస్తుంది. ఎంవీ చేసినా ఫైలు మాడిఫై టైమ్ మారదు, అది ఇంకా నెల కిందటిదే. అందుకని మామూలు ఏజ్ పెడితే పక్కకు వేసిన రోజే డిలీట్ అయిపోతాయి. ఏజ్ స్టాంప్ దగ్గర సీటైమ్ (ఫైలు పేరు, పర్మిషన్ల లాంటి వివరాలు చివరగా మారిన సమయం) అని ఇవ్వండి. ఎక్స్‌ట్4, ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌లలో పేరు మారినప్పుడు సీటైమ్ మారుతుంది, కాబట్టి పక్కకు వేసిన క్షణం నుంచి ఏడు రోజులు లెక్క పడుతుంది.

ఈ ఏడు రోజుల చోటు దండగ అనిపించొచ్చు. శుక్రవారం సాయంత్రం చేసిన పొరపాటు సోమవారం పొద్దున బయటపడితే, ఆ ఫోల్డర్ విలువ అప్పుడు తెలుస్తుంది.

చేత్తో నడిపేటప్పుడు పాజ్ మాడ్యూల్‌తో ఆపి, సర్వర్ పేరు టైప్ చేయమని అడిగించండి. ఎస్ అని కొట్టమంటే చెయ్యి అలవాటుగా కొట్టేస్తుంది. పేరు టైప్ చేయాలంటే ఒకసారి చూడక తప్పదు.

11. డిలీట్ అయింది, చోటు రాలేదు

ఇలా జరిగితే కంగారుపడి ఇంకా తీసేయకండి. ఏదో ప్రాసెస్ ఆ ఫైలును ఇంకా తెరిచి ఉంచిందేమో ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో చూడండి, అది మూసేదాకా చోటు రాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ స్నాప్‌షాట్లు ఉంటే పాత బ్లాకులు వాటి పేరు మీద ఉండిపోతాయి. ఆర్‌స్నాప్‌షాట్ అనే బ్యాకప్ టూల్ వాడితే ఫైళ్లు హార్డ్ లింకులు (ఒకే ఫైలుకు వేర్వేరు పేర్లు). ఒక రోజు ఫోల్డర్ తీసినా అదే ఫైలుకు మిగతా రోజుల లింకులున్నంత కాలం అది డిస్క్ మీదే ఉంటుంది.

అమెజాన్ ఎస్3 లాంటి క్లౌడ్ స్టోరేజ్ అయితే ఈ పని ఆన్సిబుల్‌తో చేయకుండా లైఫ్‌సైకిల్ రూల్స్‌కే (గడువు తీరినవి స్టోరేజే తీసేసే ఏర్పాటు) వదిలేయడం మేలు. వెర్షనింగ్ ఆన్ చేసి ఉంటే డిలీట్ చేసినా పాత వెర్షన్ లోపలే ఉంటుంది, బిల్లు వస్తూనే ఉంటుంది. ఆ పాత (నాన్‌కరెంట్) వెర్షన్లకూ గడువు పెట్టాలి. ఎస్3లోని గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో వేసినదాన్ని 180 రోజుల్లోపు తీసేసినా మిగిలిన రోజులకు డబ్బు కట్టాల్సిందే, కాబట్టి అక్కడ తొందరపడి లాభం లేదు.

12. షెడ్యూల్

బ్యాకప్‌కు ఒక క్రాన్, డిలీట్‌కు ఒక క్రాన్ అని విడివిడిగా పెట్టకండి. ఒకటి ఆలస్యమైతే రెండూ ఒకే ఫోల్డర్‌లో ఢీకొంటాయి. బ్యాకప్, పరీక్ష, పక్కకు వేయడం, డిలీట్, ఈ వరసలో ఒకే జాబ్‌గా కట్టండి. ముందుది ఫెయిలైతే వెనకది మొదలవకూడదు. ఎఫ్‌లాక్ పెడితే ఒకే జాబ్ రెండుసార్లు ఒకేసారి నడవదు. తీసిన ప్రతి ఫైలు పేరు, సైజు, తేదీ ఒక లాగ్‌లో పడాలి, ఆ లాగ్ బ్యాకప్ సర్వర్ మీద కాకుండా వేరేచోట ఉండాలి.

చివరగా మెయిల్. గిట్‌ల్యాబ్ విషయంలో బ్యాకప్ ఫెయిలైన ప్రతిసారీ మెయిల్ వెళ్లింది. డీమార్క్ (పంపినవాళ్లు నిజమైనవాళ్లేనా అని చూసే మెయిల్ పద్ధతి) సరిగ్గా లేక అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టింది, ఎవరికీ చేరలేదు. మీ ప్లేబుక్ సిద్ధమయ్యాక ఒకసారి కావాలనే గుర్తు ఫైలు పేరు మార్చి, చెక్ మోడ్ లేకుండా షెడ్యూల్ ప్రకారం నడవనివ్వండి. గుర్తు ఫైలు చూసే అసర్ట్ దగ్గర ఆగాలి, ఒక్క ఫైలూ కదలకూడదు, మీ ఫోన్‌కు మెయిల్ రావాలి. రాకపోతే అది వచ్చేదాకా డిలీట్ టాస్కులను కామెంట్‌లోనే ఉంచండి.